నాలుగేళ్ళకే ఊడిన పంటి రంగు ఫిల్లింగ్: లోపం సరుకుదా, చేతిదా, నోటిదా?

కొవ్వూరు_మాస్టారు · ఆదివారం, ఉదయం 7:40

మొన్న రాత్రి పెరుగన్నంలో ఆవకాయ నంజుకుంటుంటే టెంక ముక్క ఎడమవైపు కింది దవడ పంటికి తగిలి టక్కుమంది. టెంకే విరిగిందనుకున్నాను. నాలుకతో తడిమితే పంటిలో గుంత. అరచేతిలోకి ఉమ్మి చూస్తే కందిబద్దంత తెల్ల ముక్క. పైవైపు నున్నగా పన్నులాగే మెరుస్తోంది. కిందివైపు, అంటే పంటిని అంటిపెట్టుకుని ఉండాల్సిన వైపు, ఒక అంచు పొడవునా టీ మరకలాంటి గోధుమ రంగు.

ఇది 2021 ఆగస్టులో వేయించుకున్నది. అదే పంటికి 2015లో వేసినదీ ఇలాగే ఊడింది. మా అమ్మకు 1989లో వేసిన వెండి సిమెంటు మాత్రం ఇప్పటికీ చెక్కు చెదరలేదు. ఆవిడ రోజూ వక్క నములుతుంది కూడా. లోపం ఎక్కడుంది? సరుకులోనా, వేసిన చేతిలోనా, నా నోటిలోనా? ఈ వారంలో మళ్ళీ కుర్చీ ఎక్కాలి. ఈలోగా కాస్త తెలుసుకుని వెళ్దామని అడుగుతున్నాను.

సూటిగా_సుబ్బారావు · ఉదయం 8:05

మూడు చోట్లా కాదు మాస్టారూ, లోపం మీ జేబులో ఉంది. ఊడకపోతే వాళ్ళకు గిరాకీ ఎక్కడి నుంచి వస్తుంది? పాత రోజుల్లో వేసింది వేసినట్టు ఉండేది. ఇప్పుడు అద్దంలో అందంగా కనపడాలి, అయిదేళ్ళకు మళ్ళీ రావాలి. అంతే లెక్క.

విశాఖ_దంతవైద్యురాలు · ఉదయం 10:30

సుబ్బారావు గారి మాటకు తర్వాత వస్తాను. మాస్టారూ, మీరు రాసినదాంట్లో నా కన్ను పడింది ఆ గోధుమ రంగు అంచు మీద. టెంక దెబ్బకే ఊడి ఉంటే లోపలివైపు శుభ్రంగా ఉండేది. మరక ఉందంటే టీ, కాఫీ, లాలాజలం, సూక్ష్మజీవులు చాలా కాలంగా ఆ సందులోంచి రాకపోకలు సాగిస్తున్నాయని అర్థం. పన్ను చూడకుండా ఇంతకన్నా గట్టిగా చెప్పలేను. కానీ అనుమానం మాత్రం అదే.

ఈ రెండు రకాలూ పంటిలో నిలబడే పద్ధతే వేరు. వెండి సిమెంటు పంటికి అతుక్కోదు. అందుకే గుంతను చెంబులా, మూతి ఇరుకుగా పొట్ట వెడల్పుగా చెక్కి అందులో కూరతారు. గట్టిపడ్డాక ఇక బయటికి రాలేదు. పంటికీ దానికీ మధ్య సన్నని సందు మొదటి రోజు నుంచీ ఉంటుంది. అయితే ఆ లోహం నోటిలో నెమ్మదిగా తుప్పు పడుతుంది, ఆ తుప్పే సందును పూడుస్తుంది. మీ అమ్మగారి పంటి అంచు ఏళ్ళు గడిచే కొద్దీ బిగిసింది.

పంటి రంగుది పూర్తిగా జిగురు వ్యవహారం. పంటి గట్టి పైపొర అయిన ఎనామిల్ మీద ఫాస్ఫారిక్ ఆమ్లం పూస్తే కంటికి కనపడని గరుకుదనం వస్తుందనీ, అప్పుడు రెజిన్ అనే ప్లాస్టిక్ లాంటి పదార్థం దాన్ని గట్టిగా పట్టుకుంటుందనీ 1955లో అమెరికాలో మైఖేల్ బ్యూనోకోర్ చూపించారు. 1962లో రాఫెల్ బోవెన్ బిస్-జీఎంఏ అనే రెజిన్‌కు పేటెంట్ తీసుకున్నారు. ఇవాళ మేము వాడే చాలా సరుకులు ఆ వంశంలోవే. రెజిన్‌లో సన్నని గాజు పొడి కలిపిన ముద్ద అది. నీలి కాంతి పడగానే గట్టిపడుతుంది. గట్టిపడేటప్పుడు ఘనపరిమాణంలో సుమారు 2, 3 శాతం కుంచించుకుపోతుంది. చుట్టూ గోడలకు అతుక్కుని ఉన్న వస్తువు కుంచించుకుపోతే ఏ గోడ దగ్గర పట్టు తక్కువగా ఉందో అక్కడ లాక్కుంటుంది.

పట్టు తక్కువ గోడ సాధారణంగా రెండు పళ్ళ మధ్య, చిగురు దగ్గర ఉండే అంచు. అక్కడ ఎనామిల్ పలచగా ఉంటుంది, కొన్నిసార్లు అసలే ఉండదు. దాని కింది డెంటిన్ తడి పదార్థం. జిగురుకు తడి పడదు. పైగా బ్రష్షు చేరని చోటు, పాచి నిలిచే చోటు కూడా అదే. అందుకే ఫిల్లింగ్ పైనుంచి అరిగిపోవడం కన్నా అంచు కింద పన్ను మళ్ళీ పుచ్చడమే ఎక్కువగా చూస్తాం. తర్వాతి స్థానం విరిగిపోవడానిది.

సూటిగా_సుబ్బారావు · ఉదయం 10:52

అంటే కుంచించుకుపోతుందని మీకు ముందే తెలుసు. తెలిసి ఎందుకు వేస్తున్నారు?

విశాఖ_దంతవైద్యురాలు · ఉదయం 11:20

చెంబులా చెక్కాలంటే బాగున్న పన్నును కూడా తీసెయ్యాలి కనుక. జిగురుకు ఆ అవసరం లేదు, పుచ్చినంత మేరకే తీస్తే చాలు. రెండోది పాదరసం. వెండి సిమెంటులో బరువు ప్రకారం దాదాపు సగం పాదరసమే. పాదరసం వాడకాన్ని తగ్గించే మినమాటా ఒప్పందం 2017లో అమలులోకి వచ్చింది, భారతదేశం 2018లో ఆమోదించింది. ఐరోపా సమాఖ్యలో 2025 జనవరి 1 నుంచి, ప్రత్యేక వైద్య అవసరం ఉంటే తప్ప, దాన్ని వాడటం లేదు. మీకు నచ్చినా నచ్చకపోయినా రేపటి పన్ను జిగురుదే.

కుంచించుకుపోవడానికి విరుగుడు ఒకేసారి కూరకుండా 2 మిల్లీమీటర్లకు మించని పొరలుగా వేసి, ఒక్కో పొరకూ విడిగా కాంతి పెట్టడం. సమయం పడుతుంది. గొడవంతా ఆ సమయం దగ్గరే.

కుర్చీ_పక్కన · మధ్యాహ్నం 1:15

నేను డాక్టరును కాను. పదకొండేళ్ళుగా దంతవైద్యుల పక్కన నిలబడి ఉమ్మి పీల్చే గొట్టమూ, నీలి లైటూ పట్టుకునే మనిషిని. ఈ చర్చలో నేను చూసింది కూడా ఉండాలనిపించింది.

ముందు లైటు సంగతి. దాని కొన చిటికెన వేలి గోరంత ఉంటుంది. దవడ పంటి దాకా వెళ్ళాలంటే బుగ్గ అడ్డం, నాలుక అడ్డం. నోరు పూర్తిగా తెరవలేని వాళ్ళకు కొన ఏటవాలుగానే ఆనుతుంది. ఆ వెలుగు కళ్ళకు మంచిది కాదు కాబట్టి నారింజ రంగు అడ్డు పెట్టుకోవాలి. అడ్డు ఎప్పుడో విరిగి ఉంటుంది. అప్పుడు ఏం చేస్తాం? మొహం పక్కకు తిప్పుకుంటాం. తిప్పుకోగానే చేయి కదులుతుంది. ఇరవై సెకన్లలో సగం వెలుగు పక్క పంటి మీద పడుతుంది. బీప్ అంటుంది, అయిపోయిందంటాం.

ఒక చోట పనిచేసినప్పుడు కొన మీద మసక పొర కనిపించింది. బ్లేడుతో గీకితే పొలుసులు పొలుసులుగా రాలింది. ఎన్ని నోళ్ళలోనో అంటుకుని గట్టిపడిన రెజిన్ అది. తర్వాత కొత్తగా చేరిన డాక్టరమ్మ లైటు బలం కొలిచే మీటరు తెచ్చారు. కొత్త లైటు వెయ్యి దాటి చూపించింది, పాతది మూడు వందలు కూడా చూపించలేదు. కంటికి మాత్రం రెండూ ఒకే నీలం. పైన గోకి చూస్తే రెండూ గట్టిగానే ఉంటాయి. తేడా అడుగున. సరిగా వెలుగు అందని ఫిల్లింగును అడుగు నుంచి గోకితే తడి సబ్బులా వస్తుంది.

ఇక ఉమ్మి. ఆమ్లం పూసి, కడిగి, గాలి ఊదాక ఎనామిల్ సున్నం కొట్టిన గోడలా తెల్లబడుతుంది. సరిగ్గా అప్పుడే రోగికి గుటక పడుతుంది. ఒక్క చుక్క పడిందా, ఆ తెలుపు మాయం. మళ్ళీ మొదటి నుంచి శుభ్రం చేసి రావాలి. బయట ఎనిమిది మంది కూర్చుని ఉన్నప్పుడు మొదటికి వచ్చేవాళ్ళను చూశాను, దూదితో అద్ది ముందుకు వెళ్ళేవాళ్ళనూ చూశాను. ఎవరి ఫిల్లింగులు తిరిగి వచ్చాయో నాకు గుర్తే.

కొవ్వూరు_మాస్టారు · మధ్యాహ్నం 1:40

అమ్మా, మీరు రాసింది మూడుసార్లు చదివాను. 2021లో నా పంటికి లైటు పెట్టిన అబ్బాయి కిటికీ వైపు చూస్తూ నిలబడటం నాకు బాగా గుర్తు. మర్యాదగా చూపు తిప్పుకున్నాడనుకున్నాను!

న్యూజెర్సీ_నారాయణ · సాయంత్రం 6:10

ఒక ఒప్పుకోలు. నా నోటిలో ఇక్కడ వేయించుకున్న ఒక ఫిల్లింగ్ ఉంది, పద్నాలుగేళ్ళయింది. వేసేటప్పుడు పంటి చుట్టూ పచ్చటి రబ్బరు తెర బిగించి, ఆ ఒక్క పన్ను మాత్రమే పైకి కనపడేలా చేశారు. ఊపిరాడనట్టు అనిపించి చిరాకు పడ్డాను.

తర్వాత ఒక సెలవులో ఊరికి వచ్చినప్పుడు, ఖర్చు కలిసొస్తుందని ఒకే పూటలో ఆరు ఫిల్లింగులు వేయించుకున్నాను. మరునాడు తెల్లవారుజామున విమానం. పదిహేను నిమిషాలకొకటి చొప్పున పూర్తి చేశారు. అందులో రెండు మూడో ఏటికే పోయాయి. వాళ్ళను తిట్టుకుందామంటే, ఆరూ ఇవాళే కావాలని పట్టుబట్టింది నేనే.

విశాఖ_దంతవైద్యురాలు · సాయంత్రం 6:45

ఆ తెరను రబ్బర్ డ్యామ్ అంటారు. 19వ శతాబ్దం నుంచీ ఉన్న వస్తువే. మన దగ్గర రూట్ కెనాల్‌కు వాడే వాళ్ళు కూడా ఫిల్లింగుకు వచ్చేసరికి దూదితో సరిపెట్టుకోవడం ఎక్కువ. దూది, పీల్చే గొట్టం, ఓపికగల సహాయకురాలు ఉంటే మంచి ఫిల్లింగ్ వెయ్యలేమని కాదు. కానీ కింది దవడ చివరి పంటికి తెర లేకుండా వెయ్యమంటే నాకే భయం.

పాలిమర్_పంతులు · రాత్రి 8:30

రసాయన శాస్త్రం చెప్పి రిటైరైన వాణ్ణి. అందరూ వేసిన రోజు గురించే మాట్లాడుతున్నారు. వేసిన చెయ్యి ఎంత గొప్పదైనా, ఆ తర్వాత జరిగేది కూడా ఉంది.

ఈ రెజిన్లలో ఎస్టర్ అనే రకం రసాయన బంధాలుంటాయి. నీరు వాటిని తెంచగలదు. నోరంటే రోజంతా తడిగా, 37 డిగ్రీల దగ్గర ఉండే గిన్నె. దానికి తోడు మన లాలాజలంలోనూ, పళ్ళను పుచ్చబెట్టే బ్యాక్టీరియాలోనూ ఎస్టరేజులనే ఎంజైములున్నాయి. ఎస్టర్లను తెంచడమే వాటి పని. ప్లాస్టిక్కును తీసుకెళ్ళి ప్లాస్టిక్కును కొరికే ద్రవంలో నానబెట్టి, పదేళ్ళు ఉండమంటున్నాం.

జిగురు పొర కథ ఇంకా బాగుంటుంది. ఆమ్లం డెంటిన్‌లోని ఖనిజాన్ని కరిగించి కొల్లాజెన్ అనే ప్రోటీన్ పోగుల వల మిగులుస్తుంది. రెజిన్ ఆ వలలోకి ఇంకి గట్టిపడాలి. అలా ఏర్పడే కలగలుపు పొరను 1982లో జపాన్‌కు చెందిన నకబయాషి వివరించారు. మందం కొన్ని మైక్రోమీటర్లే. మీ నాలుగేళ్ళ ఫిల్లింగ్ నిలిచింది ఆ పొర మీదే. రెజిన్ వల అడుగు దాకా దిగకపోతే పోగులు కొన్ని బట్టలేకుండా మిగిలిపోతాయి. డెంటిన్‌లోనే నిద్రపోతున్న కొన్ని ఎంజైములను ఆమ్లం తట్టి లేపుతుంది, అవి ఆ పోగులను నెమ్మదిగా తినేస్తాయి. అంటే పునాదిని తినేది బయటివాడు కాదు, ఇంట్లోవాడే! ఈ ఎంజైములను అణచడానికి జిగురుకు ముందు క్లోర్‌హెక్సిడిన్ అనే మందు పూసే పద్ధతి కూడా ఉంది.

వేడి, చలి సంగతి అందరికీ తెలిసిందే కనుక ఒక్క ముక్కలో చెబుతాను. వేడికి పన్ను వ్యాకోచించే దానికన్నా ఈ సరుకు రెండు నుంచి నాలుగు రెట్లు వ్యాకోచిస్తుంది. పొగలు కక్కే కాఫీ తాగి, వెంటనే చన్నీళ్ళు తాగే అలవాటున్న వాళ్ళు ఆలోచించుకోండి.

నల్లగొండ_నీలిమ · రాత్రి 9:05

మాది ఫ్లోరైడ్ నీళ్ళ ఊరు. నా ముందు పళ్ళ గోధుమ మచ్చలు కనపడకుండా పెళ్ళికి ముందు ఇదే సరుకు పూయించారు మావాళ్ళు. ఏడాది తిరగకుండానే ఒక మూల పెచ్చులా లేచింది. అతికించారు, మళ్ళీ లేచింది. నేను పళ్ళతో దారం కొరుకుతాననీ, అందుకే ఊడుతోందనీ అక్కడ నా మీదే నేరం మోపారు. నేను కుట్టు పని చేస్తాను. కొరికే మాట నిజమే. కానీ మా అక్క కొరకదు, తనకూ ఊడింది.

విశాఖ_దంతవైద్యురాలు · రాత్రి 9:30

నీలిమ గారూ, దారం కొరకడం మానెయ్యండి, అది వేరే విషయం. మీ అక్కచెల్లెళ్ళిద్దరికీ ఊడిందంటే ఫ్లోరైడ్‌ను ముందు అనుమానించాలి. ఫ్లోరోసిస్, అంటే ఫ్లోరైడ్ ఎక్కువై వచ్చే మచ్చల జబ్బు, ఉన్న ఎనామిల్ పైపొర ఆమ్లానికి మామూలు ఎనామిల్‌లా లొంగదు. అందరికీ పూసినట్టు కాసేపు పూసి కడిగేస్తే కావలసినంత గరుకుదనం రాదు. పైపొరను కొద్దిగా గీకి, ఆమ్లం ఇంకొంత సేపు ఉంచాల్సి వస్తుంది. మచ్చలు బాగా లోతుగా ఉండి ఎనామిల్ గుల్లబారి ఉంటే అది కూడా చాలకపోవచ్చు. మీరు ఏ ప్రాంతపు నీళ్ళు తాగి పెరిగారో వెళ్ళగానే చెప్పండి. బయటి ఊళ్ళలో డాక్టర్లకు చూడగానే తట్టకపోవచ్చు.

నల్లగొండ_నీలిమ · రాత్రి 9:34

ఈ మాట ఇన్నేళ్ళలో ఒక్కరూ చెప్పలేదండీ. అక్కకు పంపిస్తున్నాను.

వంటింటి_వాణి · సోమవారం, ఉదయం 6:50

పన్ను జివ్వుమంటే లవంగ నూనె దూదితో అద్దుకుని, మర్నాడు ఫిల్లింగుకు వెళ్తాం కదా. దానివల్ల ఏమైనా ఇబ్బందా?

విశాఖ_దంతవైద్యురాలు · ఉదయం 7:30

మంచి ప్రశ్న. లవంగ నూనెలో ఉండేది యూజినాల్. అది రెజిన్ గట్టిపడే చర్యకు అడ్డం పడుతుంది. యూజినాల్ ఉన్న తాత్కాలిక సిమెంటు వేసిన పంటికి మేము కూడా జాగ్రత్తగా శుభ్రం చేసి గానీ జిగురు పూయం. నొప్పికి అద్దుకుంటే తప్పు లేదు, అద్దుకున్నామని డాక్టరుకు చెప్పండి. పళ్ళు తెల్లబరిచే మందు వాడిన వాళ్ళు కూడా అంతే. వెంటనే ఫిల్లింగ్ వేస్తే పట్టు తగ్గుతుంది, ఒకటి రెండు వారాలు ఆగాలి.

సూటిగా_సుబ్బారావు · ఉదయం 9:10

ఇంత చదివాక ఒక లెక్క కావాలి. నూటికి ఎన్ని పోతాయి?

పాలిమర్_పంతులు · ఉదయం 9:45

దవడ పళ్ళ మీద జరిగిన అధ్యయనాల్లో సాధారణంగా ఏడాదికి నూటికి ఒకటి నుంచి మూడు. వెండి సిమెంటుతో నేరుగా పోల్చింది కావాలంటే లిస్బన్‌లోని కాజా పియా పాఠశాలల పిల్లల అధ్యయనం ఉంది, ఫలితాలు 2007లో వచ్చాయి. ఏడేళ్ళకు వెండివి 94.4 శాతం నిలిచాయి, పంటి రంగువి 85.5 శాతం. అంచు కింద మళ్ళీ పుచ్చే అవకాశం పంటి రంగు వాటిలో మూడున్నర రెట్లు. ఒక మాట మరవకండి. వాళ్ళు 8 నుంచి 12 ఏళ్ళ మధ్య చేరిన పిల్లలు, పళ్ళు పుచ్చే స్వభావం ఉన్నవాళ్ళు. మిఠాయి మానని నోటిలో ఏ ఫిల్లింగూ తన ఆయుష్షు తాను బతకదు.

సూటిగా_సుబ్బారావు · ఉదయం 9:50

చూశారా, చివరికి వెండే గెలిచింది.

కొవ్వూరు_మాస్టారు · గురువారం, రాత్రి 8:20

వెళ్ళి వచ్చాను. ఎక్స్-రేలో పక్క పంటిని ఆనుకునే వైపు, చిగురు దగ్గర నల్లని నీడ. డాక్టరమ్మ గారు ఇక్కడ అన్నట్టే పైన బాగుంది, ప్రమాదమంతా కింద. అయితే నరం దాకా పోలేదు. రూట్ కెనాల్ తప్పింది.

ఈసారి వేరే చోటికి వెళ్ళాను. రబ్బరు తెర ఉందా అని అడిగితే ఆ కుర్రాడు, డాక్టరే, ముప్పై దాటి ఉండడు, ఆశ్చర్యంగా చూసి ‘మీరు ఎక్కడ పనిచేస్తారండీ’ అన్నాడు. తెర వేశాడు. రెండు పళ్ళ మధ్య వంపు తిరిగిన సన్నని రేకు, చిన్న చెక్క మేకులాంటిది బిగించాడు. అలా కాకపోతే పళ్ళ మధ్య సందు మిగిలి అన్నం మెతుకులు ఇరుక్కుంటాయట. నాకు నాలుగేళ్ళుగా ఇరుక్కుంటూనే ఉన్నాయి, పుల్లతో తీసుకుంటూ అది వయసు లక్షణం అనుకున్నాను. మూడు పొరలు వేశాడు. ప్రతి పొరకూ లైటు పెట్టినప్పుడు నేను మనసులో ఇరవై లెక్కపెట్టాను. సహాయకురాలు మొహం తిప్పుకోలేదు, అడ్డు ఉంది. మొత్తం యాభై నిమిషాలు. చివర నీలం కాగితం కొరికించి, ఎత్తుగా ఉన్న చోట అరగదీశాడు. పై పళ్ళ అరుగుదల చూసి నిద్రలో పళ్ళు కొరుకుతున్నారని చెప్పాడు. ఇంట్లో అడిగితే, పెళ్ళయినప్పటి నుంచీ అంతే అంది మా ఆవిడ. ఇన్నాళ్ళూ చెప్పలేదేమంటే, చెబితే ఆపుతారా అంది.

పనిలో పనిగా అమ్మనూ తీసుకెళ్ళాను. సుబ్బారావు గారూ, ఇది మీకోసం. వెండి సిమెంటు నిక్షేపంగా ఉంది. దాని పక్కన పంటి గోడే నిలువునా చిట్లింది. పెద్ద గుంత చెక్కి లోహం కూరితే, పలచబడిన గోడలు ఏళ్ళ తరబడి నమిలిన బరువుకు ఇలా చీలడం మామూలేనట. వచ్చే వారం తొడుగు వేయాలి. ‘సిమెంటు బాగుంటే చాలదా’ అని అమ్మ డాక్టరుతో వాదించింది.

సూటిగా_సుబ్బారావు · గురువారం, రాత్రి 9:15

అమ్మగారికి త్వరగా నయం కావాలి. సరే, నాకూ ముందు పంటి మీద 2012లో వేసిన తెల్లది ఒకటి ఉంది. అంచున సన్నని గోధుమ గీత. నొప్పి లేదు. నోరు శుభ్రం చేయించుకోవడానికి వెళ్తే తీసి కొత్తది వేస్తామన్నారు. వెయ్యమనాలా?

విశాఖ_దంతవైద్యురాలు · గురువారం, రాత్రి 9:40

మరక ఒక్కటే ఉంటే అది పుచ్చు కాదు. తీసి వేసిన ప్రతిసారీ గుంత కొంచెం పెద్దదవుతుంది, పన్ను కొంచెం తగ్గుతుంది. పరికరం కొనతో అంచు తడిమి చూడమనండి, ఎక్స్-రే తీయించండి. మెత్తగా లేకపోతే పాలిష్ చేస్తే గీత పోవచ్చు. చిన్న పెచ్చు లేచి ఉంటే అంతవరకే గరుకు చేసి, జిగురు పూసి అతుకు వేయవచ్చు. అప్పటికీ మొత్తం తీయాలంటే, ఏం కనిపించిందో చూపించమని అడగండి. చూపిస్తారు.

సూటిగా_సుబ్బారావు · గురువారం, రాత్రి 9:44

చూపించకపోతే?

కుర్చీ_పక్కన · గురువారం, రాత్రి 9:51

పక్కన నిలబడ్డ మాలాంటి వాళ్ళ మొహం చూడండి. తెలిసిపోతుంది.